‘బాగానే ఉందట’ అని రాసుకుంటే వైద్యం అయినట్టేనా?

ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్ళిన స్త్రీ గురించి ఆసుపత్రి రికార్డుల్లో ఈ మధ్య ఒక కొత్త గడి కనిపిస్తోంది. తేదీ, టైము, ఫోన్ నంబరు, దాని పక్కన ఒక్క ముక్క: ‘బాగానే ఉందట’.

ఎవరు చెప్పారు? భర్త చెప్పాడు. లేకపోతే మామ, మరిది, ఫోన్ ఎవరి జేబులో ఉంటే వాళ్ళు. ఆ సమయానికి ఆమె బోరింగు దగ్గర బిందె ఎత్తుతోందా, జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుందా, పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుని కూచుందా? ఫోన్ చేసినవారికి తెలియదు. అడగరు కూడా. ఆ మాట చివరనున్న ‘ట’ మాత్రం ఇది ఆమె మాట కాదని నిజాయితీగా చెబుతూనే ఉంది. కానీ కంప్యూటరులో ‘ట’కి చోటు లేదు. ‘ఫాలో-అప్ పూర్తి’ అని ఒక టిక్కు పడుతుంది. నెలాఖరుకి ఆ టిక్కులన్నీ కూడి ఇంత శాతం అని పైకి పంపుతారు.

మన అభ్యంతరం ఈ టిక్కు మీద. ఫోన్ మీద కాదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఆరోగ్య హక్కుల గురించి నోరు విప్పిన ప్రతిసారీ మనల్ని ‘టెక్నాలజీ అంటే గిట్టనివాళ్ళు’ అని పక్కకు నెట్టేయడం అధికారులకు అలవాటైపోయింది. పచ్చి కుట్లతో షేర్ ఆటోలో ఇరుక్కుని, గుంతల రోడ్డు మీద ముప్ఫై నలభై కిలోమీటర్లు పోయి, ఓపీ చీటీ కోసం నిలబడి, రెండు నిమిషాలు చూపించుకుని తిరిగి రావడం ఎవరికైనా శిక్షే. తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. చంటిబిడ్డను ఎవరికో అప్పగించి రావాలి. ‘కుట్టు దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, రావాలా, అక్కర్లేదా’ అన్న ప్రశ్నకు ఇంట్లో కూచునే జవాబు దొరికితే అంతకంటే కావలసిందేముంది? ఫోన్ ఆ పని చేయగలదు. దాన్ని ఆ పనికి వాడడం లేదన్నదే మన గొడవ.

ఆపరేషన్ అంటే కత్తి పెట్టిన ఆ అరగంటే అనుకోవడం మన వైద్య వ్యవస్థకు చాలా పాత అలవాటు. చాలా ప్రమాదాలు బయటపడేది ఆ తర్వాత, ఇంటి దగ్గర. సిజేరియన్ కుట్టుకు చీము పట్టిన సంగతి ఎక్కువమందిలో డిశ్చార్జి అయ్యాకే తెలుస్తుంది. అందుకే ఆపరేషన్ గాయానికి వచ్చే ఇన్ఫెక్షన్‌ను 30 రోజుల వరకు కనిపెట్టి లెక్క రాయాలని వైద్యులే పెట్టుకున్న పద్ధతి. లాప్రోస్కోపు గొట్టం దించేటప్పుడు పేగుకు చిన్న గాయమైతే ఆ రోజు ఏమీ తెలియకపోవచ్చు. రెండో రోజో మూడో రోజో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో, పొట్ట ఉబ్బుతుంది, వాంతులు పట్టుకుంటాయి, జ్వరం వస్తుంది. గర్భసంచి తీసేటప్పుడు మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలితే వారం పది రోజులు గడిచాకగాని మూత్రం కారడం మొదలుకాకపోవచ్చు. ఇవన్నీ వేళకు పట్టుకుంటే చాలావరకు సరిచేయగలిగినవే. వేళకు పట్టుకోకపోతే ఏమవుతుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు.

ఇది ఎంతమందికి సంబంధించిన విషయమో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైన. (ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళ ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. దాని గురించి రాయాలంటే మరో వ్యాసం కావాలి.) గర్భసంచి తీయించుకున్నవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఆ వయసు స్త్రీలలో ఎనిమిది శాతం పైనే, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. కడుపు మీద కుట్టుమచ్చ లేని నడివయసు స్త్రీని మన దగ్గర వెతుక్కోవాలి. ఇంతమందిని కోసి పంపించాక, వాళ్ళు ఎలా ఉన్నారో తెలుసుకునే ఏర్పాటు మాత్రం ఎవరి ఫోనుకో చేసిన ఒక అర నిమిషం కాల్.

ఏం చేయాలో తెలియక జరుగుతున్నదా అంటే, కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రమాణాలు రాసింది, 2014లో సవరించింది. 48 గంటల్లోపు ఒకసారి, ఏడో రోజు కుట్లు విప్పేటప్పుడు ఒకసారి, నెల రోజులకో తర్వాతి బహిష్టు అయ్యాకో ఇంకొకసారి ఆమె ఎలా ఉందో చూడాలి. ఒక సర్జన్ బృందం ఒక రోజులో 30 ఆపరేషన్లు మించి చేయకూడదు. చదువుకోవడానికి చక్కటి పత్రం.

ఆచరణ సంగతికొస్తే, 2012 జనవరి 7న బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక బడిలో, బల్లల మీద పడుకోబెట్టి, టార్చిలైటు వెలుగులో రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. దాని మీద దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు నడుస్తుండగానే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో, ఒక్క రోజున 83 మందికి చేసిన కాంపుతో కలిపి, ఆ వారం జరిగిన కాంపులలో 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరు 14న తీర్పు ఇస్తూ మూడేళ్ళలోగా ఈ కాంపుల పద్ధతినే ఎత్తేయాలని కోర్టు చెప్పింది.

మూడేళ్ళు పోయి ఆరేళ్ళు కావస్తుండగా, 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి లాప్రోస్కోపు ఆపరేషన్లు చేశారు. ఇళ్ళకు చేరాక కొందరికి వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి. ఆ నెల ముగిసేలోగా నలుగురు చనిపోయారు. అప్పుడు మిగతావాళ్ళను హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి పరిశీలనలో పెట్టారు. విచారణ వేశారు, ఇన్ఫెక్షన్ అని తేల్చారు, కొందరు అధికారుల మీద చర్యలు తీసుకున్నారు, కుటుంబాలకు పరిహారం ప్రకటించారు.

ఇబ్రహీంపట్నం ఎక్కడుందో గుర్తు చేసుకోండి. హైదరాబాదు పొలిమేరల్లో. సిగ్నల్ అందని అడవి కాదు, ఫోన్లు లేని కాలమూ కాదు. ఇన్ఫెక్షన్ ఆపరేషన్ థియేటరులో పుట్టింది, దాన్ని ఏ ఫోనూ ఆపలేదు. అది సరిగా ఉడకని పనిముట్ల సంగతి, తొందరపడే చేతుల సంగతి, టార్గెట్ల సంగతి. కానీ ఒక స్త్రీకి వాంతులు మొదలయ్యాయని తెలిసిన గంటలో మిగతా ముప్ఫై ముగ్గురినీ పిలిచి ‘మీకెలా ఉంది, వెంటనే రండి, బండి పంపుతున్నాం’ అని చెప్పడానికి ఫోన్ కంటే మంచి సాధనం ఇంకేముంది? ఒకే బల్ల, ఒకే పనిముట్లు, ఒకే రోజు. ఒకరికి వచ్చింది అందరికీ రావచ్చు. ఫోన్ మీద ఫాలో-అప్ అంటూ ఒకటి ఉంటే దాని మొదటి పని ఇది. మన ఆసుపత్రులు ఆ సాధనాన్ని చావు తర్వాత లిస్టు పట్టుకుని మనుషులను వెతకడానికి వాడతాయి.

ఇక ఫోన్ ఎవరిది అన్న ప్రశ్న. అదే సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు ఎంతమంది అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే కాస్త తక్కువ. తెలంగాణలో అరవై శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురిలో ఒకరు, తెలంగాణలో నలుగురిలో ఒకరు. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండడం వేరు, ఆమె చేతిలో ఉండడం వేరు, ఆమె చేతిలో ఉన్నా తలుపు అవతలికి వెళ్ళి ఒంటరిగా మాట్లాడుకోగలగడం పూర్తిగా వేరు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు రాసుకునే నంబరు దాదాపు ఎప్పుడూ సంతకం పెట్టిన మగవాడిది. అతను పొద్దున్నే పనికి పోతాడు, ఫోన్ అతనితో పోతుంది. పదకొండు గంటలకు ఆసుపత్రి నుంచి కాల్ వస్తుంది. అతను ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో స్లాబు పోస్తూ ‘ఆ, బాగానే ఉందండీ’ అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. పొద్దున అతను బయల్దేరేటప్పుడు ఆమె అన్నం వండి పెట్టింది, కాబట్టి బాగానే ఉందని అతని లెక్క.

ఫోన్ ఆమె చేతికిచ్చారనే అనుకుందాం. స్పీకరు పెట్టి ఇస్తారు. అత్త పక్కనే ఉంటుంది, మామ అరుగు మీద ఉంటాడు. అవతలి గొంతు ఏ కుర్రవాడిదో అయితే ఆమె ఇంకేం చెబుతుంది? మా సంఘం తిరిగే ఊళ్ళలో ఒకామెకు జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీశారు. ముప్ఫై నాలుగేళ్ళు. పదో రోజు నుంచి మూత్రం చుక్కచుక్కగా కారడం మొదలైంది. ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ భర్తే ఎత్తాడు. ఒకసారి ఆమెకు ఇచ్చాడు కూడా. ‘నీళ్ళు ఆగడం లేదు’ అని ఆ మగగొంతుతో, ఇంటినిండా జనం వింటుండగా చెప్పలేక ‘బాగానే ఉన్నా’ అంది. మూడు నెలలు గుడ్డలు ఉతుక్కుంటూ, వాసన వస్తుందని పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పోకుండా, పొలంలో అందరికీ ఎడంగా కూచుని అన్నం తింటూ గడిపింది. సంఘం మీటింగుకి కూడా రాకపోతే ఎందుకు రావడం లేదని మనవాళ్ళు ఇంటికి వెళ్ళారు. గడప దాటగానే తెలిసిపోయింది. ఆ తర్వాత పెద్దాసుపత్రిలో చూపించడం, మళ్ళీ ఆపరేషన్, అప్పు. మొదటి ఆసుపత్రి కాగితాల్లో మాత్రం ఆమె రెండు ఫాలో-అప్‌లూ విజయవంతంగా పూర్తయ్యాయి.

ఆ ఇంటి గడప దాటితే తెలిసినది ఫోనులో ఎందుకు తెలియలేదో ఆలోచించండి. వాసన ఫోనులో రాదు. పక్క మీద రబ్బరు షీటు కనపడదు. ఆమె ముఖం కనపడదు. దాని కోసమే 48 గంటల్లోపు ఒక మనిషి చూడాలని రాశారు. ‘చూడాలి’ అన్న చోట ‘ఫోన్ చేయాలి’ అని ఎవరు దిద్దారు, ఏ జీవో ప్రకారం దిద్దారు? ఎవరూ దిద్దలేదు. ఏఎన్ఎంలు సరిపడా లేరు, ఉన్నవాళ్ళకు సర్వేలు, ఆప్‌లు, ఫోటోలు అప్‌లోడ్ చేయడాలు. ఇంటికెళ్ళే తీరిక పోయింది. ఆ ఖాళీలోకి ఫోన్ చడీచప్పుడు లేకుండా వచ్చి కూచుంది. మొదట ‘వెళ్ళడానికి తోడుగా’ అన్నారు, తర్వాత ‘వెళ్ళలేనప్పుడు’ అన్నారు, ఇప్పుడు వెళ్ళే మాటే లేదు.

ఆ ఫోన్ కూడా చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటోంది? ఆశా కార్యకర్తకు. ప్రభుత్వ దృష్టిలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. నెలకు చేతిలో పెట్టేది జీతం కాదు, గౌరవ వేతనం. కానీ రాత్రి పదకొండింటికి బాలింత ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తాల్సింది ఆమే. మళ్ళీ పైకి చేసి డాక్టరమ్మ ఎత్తకపోతే తిట్లు తినాల్సిందీ ఆమే. టెక్నాలజీ పని తగ్గిస్తుందంటారు. ఎవరి పని తగ్గింది? వార్డులోని పని తగ్గి ఆశా ఇంటికి చేరింది. జీతం మాత్రం వార్డులోనే ఉండిపోయింది.

ఇంకో రకం ఫోన్ ఉంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల నుంచి వస్తుంది. మర్యాదగా మాట్లాడతారు. ‘మా సేవలకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు మేడమ్?’ అని అడుగుతారు. కుట్టు చీము పట్టిందని చెబితే ‘మీ ఫిర్యాదు నమోదు చేశాం’ అంటారు. ఆ మాట విన్న అమ్మాయికి వైద్యం తెలియదు, తెలియాల్సిన అవసరం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దీన్ని ఫాలో-అప్ అనడం మోసం. హోటల్లో భోజనం ఎలా ఉందని అడగడం లాంటిది ఇది.

అయితే ఫోన్ ద్వారా నిజంగా మంచి జరిగిన చోట్లు లేవా? ఉన్నాయి, వాటిని జాగ్రత్తగా చూడాలి. స్కాట్లాండులోని ఎడింబరోలో పొట్ట ఆపరేషన్ అత్యవసరంగా జరిగిన 492 మందిని రెండు గుంపులు చేసి ఒక పరిశీలన జరిపారు. దాని ఫలితాలు 2021లో వచ్చాయి. ఒక గుంపువాళ్ళు తమ ఫోనుతోనే గాయం ఫోటో తీసి, కొన్ని ప్రశ్నలకు జవాబులు పంపారు. ఆ గుంపులో ఇన్ఫెక్షన్లను మొదటి ఏడు రోజుల్లోనే గుర్తించడం బాగా ఎక్కువైంది. రువాండాలోని కిరెహే జిల్లాలో సిజేరియన్ అయిన తల్లుల ఇంటికి ఆరోగ్య కార్యకర్తలు ఫోన్ పట్టుకుని వెళ్ళి, ప్రశ్నలడిగి, కుట్టు ఫోటో తీసి చూసే పద్ధతిని పరీక్షించారు. రువాండా మనకంటే పేద దేశం. అక్కడ ఫోన్‌ను మనిషి చేతికిచ్చి ఇంటికి పంపారు. మన దగ్గర మనిషిని తీసేసి ఫోన్ పెడుతున్నారు. స్కాట్లాండులో ఫోటో పంపినామె వెనకాల పైసా అడగని ప్రభుత్వ వైద్యం ఉంది. ఫోటో చూసినవాళ్ళు రమ్మంటే వెళ్ళగలదు. మన దగ్గర ఫోటో చూసి ‘ఇన్ఫెక్షన్ ఉంది, రండి’ అంటే తర్వాతి ప్రశ్న ‘డబ్బులెక్కడివి?’ అని.

ఫోటో మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. సిజేరియన్ కుట్టు ఎక్కడుంటుంది? ఆ ఫోటో తీసేది ఎవరు, అది ఎవరి ఫోనులో ఉంటుంది, ఏ వాట్సప్ గ్రూపులో తిరుగుతుంది, ఎప్పుడు చెరిపేస్తారు? మండలం మొత్తం సిబ్బంది ఉన్న గ్రూపులో ఆడవాళ్ళ పొత్తికడుపు ఫోటోలు, కింద ఊరిపేరు, భర్తపేరు పెట్టి పంపుకోవడాన్ని ‘టెలిమెడిసిన్’ అని పిలిస్తే ఒప్పుకుందామా? ఆమెను అడిగారా? ‘అడిగాం, సరే అంది’ అంటారు. ఆపరేషన్ బల్ల మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడూ సరే అనే అంది.

పేరుకు మనకు ఫోన్ ఏర్పాట్లు తక్కువేమీ లేవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు 2005లో వచ్చింది. ఫోనులో వైద్య సలహా చెప్పే 104, 2007లో వచ్చింది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ నియమాలు ఇచ్చింది. ఫోనులో మాట్లాడడం చాలదనిపిస్తే డాక్టరు స్వయంగా చూపించుకోమని చెప్పాలని, ఫోనులో ఇచ్చిన సలహాకూ రికార్డు ఉండాలని వాటిలో ఉంది. మంచిదే. కానీ 104కి చేస్తే ఎత్తేవాళ్ళకు నిన్న ఈమె పొట్టలో ఎవరు ఏం చేశారో తెలియదు. కోసిన డాక్టరుకు తెలుసు, ఆయన నంబరు ఈమె దగ్గర లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. కుట్లున్న బాలింత గుట్టెక్కుతుందా? ఎవరో ఎక్కి చేసినా, రోడ్డు లేని ఊరి నుంచి డోలీ కట్టి మోసుకురావాలి. ఇక భాష. గోండీ, కోయ, లంబాడీ మాట్లాడే ఇంట్లో ‘మీరు క్షేమంగా ఉంటే ఒకటి నొక్కండి’ అని పుస్తకాల తెలుగులో యంత్రం చదివితే ఆమె ఏది నొక్కుతుందో, ఎందుకు నొక్కుతుందో ఎవరికి తెలుసు.

మన తెలుగు ఇళ్ళల్లో మాత్రం? ‘ఎలా ఉన్నావమ్మా?’ అంటే మన ఆడవాళ్ళు ‘బాగానే ఉన్నానండీ’ అనే అంటారు. అలా అనడమే మర్యాద అని పెంచారు. అందుకని అడగాల్సిన ప్రశ్నలే వేరు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావు? గాలి పోతోందా? తిన్నది నిలుస్తోందా? పొట్ట మెత్తగా ఉందా, బిగిసి ఉందా? గుడ్డ ఎన్నిసార్లు మార్చావు? కుట్టు దగ్గర తడి ఉందా, వాసన ఉందా? వణుకు వచ్చిందా? లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా? ఎవరైనా పక్కన ఉంటే ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే చెప్పు, చాలు. ఈ చివరి వాక్యం ఏ శిక్షణ పుస్తకంలోనైనా ఉందేమో చూడండి. ఇన్ని ప్రశ్నలకు పట్టేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఆడమనిషి, వీలైతే ఆమెకు ఆసుపత్రిలో సూదిమందు ఇచ్చిన నర్సే మాట్లాడితే, మన గర్భసంచి అక్క మూడు నెలలు అలా ఉండేది కాదు.

ఫోన్ కాల్‌కి ఇంకో కోణం ఉంది, మన లాయరు మిత్రులు దీన్ని పట్టుకోవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు 2013 నాటి కేంద్ర పరిహార పథకంలో చావుకు రోజుల లెక్కన ధర కట్టారు. ఏడు రోజుల్లోపు చనిపోతే 2 లక్షలు, 8వ రోజు నుంచి 30వ రోజు లోపు అయితే 50 వేలు. ఇబ్బందులొస్తే 60 రోజుల వరకు చికిత్స ఖర్చు 25 వేలకు మించకుండా ఇస్తామన్నారు. అంకెలు తర్వాత మారినా, లెక్క పద్ధతిలోని దుర్మార్గం మనకు తెలియాలి. ఇలాంటి లెక్కలో జబ్బు ఏ రోజున మొదలైంది, ఎప్పుడు చెప్పుకుంది అన్నదే ముఖ్యం. ఆ సాక్ష్యం ఎవరి దగ్గరుంది? ఆసుపత్రి కంప్యూటరులో. ఐదో రోజున ‘బాగానే ఉందట’ అని రాసి ఉంటే, తొమ్మిదో రోజున పోయిన మనిషి ఐదో రోజున కడుపునొప్పితో మెలికలు తిరిగిందని ఏ కుటుంబం రుజువు చేయగలదు? వైద్యం కోసం అని మొదలుపెట్టిన ఫోన్ ఆసుపత్రికి రక్షణ కవచం అవుతోంది. మనం ఊరుకుంటే ఈ పని కోసమే అది పెరుగుతుంది.

మన స్వచ్ఛంద సంస్థల గురించి కూడా ఒక మాట. కోపం తెచ్చుకోకండి. ఆరు నెలల ప్రాజెక్టు, ఇరవై ఊళ్ళు, కొన్ని ఫోన్లు, ఒక ఆప్, చివర్లో ఇంగ్లీషులో రంగుల రిపోర్టు. ప్రాజెక్టు అయిపోగానే సిమ్ కార్డుల రీచార్జి ఆగిపోతుంది. ఆ నంబరు గోడ మీద పెయింటుతో రాసే ఉంటుంది. రాత్రి ఎవరో బాలింతకు రక్తం ఆగక ఆ నంబరుకు చేస్తే ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని వస్తుంది. ఎత్తనివాళ్ళ నంబరు ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడం నయం. కనీసం అంబులెన్సుకు చేస్తారు. పెట్టే ముందే ఎన్నేళ్ళు నడుస్తుందో, ఎవరు ఎత్తుతారో చెప్పలేని ఫోన్ లైను మనం పెట్టకూడదు.

మరి మనం ఏం అడగాలి? ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, డిశ్చార్జి చీటీ మీద ఒక నంబరు రాసి ఇవ్వాలి. నెల రోజులు, రాత్రీ పగలూ, దాన్ని వైద్యం తెలిసిన ఆడమనిషి ఎత్తాలి. ఫోన్ అటు నుంచి ఇటు వచ్చేది మాత్రమే కాదు, ఇటు నుంచి అటు వెళ్ళేదీ కావాలి. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి చేయాలి. రమ్మన్నప్పుడు బండి వాళ్ళే పంపాలి, ఆ చికిత్సకు మళ్ళీ డబ్బు అడగకూడదు, ఎందుకంటే అది పాత ఆపరేషన్‌లో భాగం. చేర్చుకునేటప్పుడు ‘నీతో ఒంటరిగా మాట్లాడాలంటే ఏ నంబరు, ఏ టైము?’ అని ఆమెనే అడిగి రాసుకోవాలి. అది అక్కదో, స్నేహితురాలిదో, సంఘం లీడరుదో కావచ్చు. ఎవరితో మాట్లాడారన్నది పుస్తకంలో రాయాలి. భర్తతో మాట్లాడితే ఫాలో-అప్ కాలేదనే రాయాలి. రెండుసార్లు ఆమె దొరక్కపోతే మూడోసారి ఫోన్ కాదు, మనిషి వెళ్ళాలి. ఫోన్ చేసినా చేయకపోయినా 48 గంటల్లోపు ఒకరు ఆమెను చూడాలి, దానికి సరిపడా ఏఎన్ఎంలను వేయాలి. ఆశాలకు ఆ కాల్స్‌కి జీతం కట్టివ్వాలి.

డబ్బు లేదంటారేమో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్ళకు కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర పడుకునే రోజులు కూడా వైద్యంలో భాగమేనని, దానికి ఖజానా నుంచి ఇవ్వొచ్చని అప్పుడు ఒప్పుకున్నారు కదా. కోతకు ప్యాకేజీ కట్టగలిగినవాళ్ళు కోత తర్వాతి నెలకూ కట్టగలరు.

వచ్చే మూడు నెలల్లో మనం చేయగలిగిన పని ఒకటుంది. మీ మండలంలోని ఆరోగ్య కేంద్రానికి, మీ జిల్లా ఆసుపత్రికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10. పేదరికపు గీత కింద ఉన్నవాళ్ళు కట్టక్కర్లేదు. గత ఆరు నెలల్లో కు.ని., సిజేరియన్, గర్భసంచి ఆపరేషన్లు ఎన్ని చేశారు, 48 గంటల్లో ఎంతమందిని ఇంటికి వెళ్ళి చూశారు, ఎంతమందికి ఫోన్ మాత్రమే చేశారు, ఆ ఫోనులో మాట్లాడింది ఎవరు, ఎంతమందిని వెనక్కి పిలిచారు అని అడగండి. ఎవరి పేరూ అడగొద్దు, అంకెలు చాలు. అప్పుడే ఆపరేషన్ అయి ఇబ్బందిలో ఉన్న స్త్రీ ఎవరైనా మీ దృష్టికి వస్తే ఆమె కేస్ షీటు కోసం ఆమె చేతే విడిగా అడిగించండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమాల్లోనే ఉంది. ముప్ఫై రోజుల్లో వచ్చిన జవాబుల నకళ్ళు పత్రికకు పంపండి. ‘అటువంటి వివరాలు మా వద్ద లేవు’ అని వచ్చినా సరే, సంతకం, ముద్ర కనపడేలా జిరాక్సు తీసి పంపండి.